లేవకుండా చూసిన ఆఖరి మ్యాచ్

ఒక కాలికి స్లిప్పర్ లేదన్న సంగతి మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు.

అక్టోబర్‌లో, థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్ అది. చర్చిలో భోజనాలు అయ్యాక ఇంటికొచ్చి, స్లిప్పర్లు వేసుకుని, ఖాళీ గిన్నెలు పైకి మోసుకొచ్చి సర్దుతున్నాను. మా స్నేహ నా కాళ్ళవైపు చూసి, "అమ్మా, వేర్ ఈజ్ ది అదర్ వన్?" అంది. ఎడమ కాలిది మెట్ల మీదే జారిపోయి ఉంది. వట్టి కాలితో అన్ని మెట్లు ఎక్కి వచ్చాను, నేల చల్లదనం కూడా తగల్లేదు. వయసు మీద పడుతోందని ఇద్దరం నవ్వుకున్నాం. అంతకు రెండు వారాల ముందు నాకు కడుపు పాడై తగ్గింది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

నా పేరు కుమారి. మేం ఉండేది కెనడాలో, ఒషావాలో. నేను ఒక లాంగ్ టర్మ్ కేర్ హోమ్‌లో పర్సనల్ సపోర్ట్ వర్కర్‌ని. అంటే పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, పట్టుకుని నడిపించడం. మా ఆయనకి కారు విడిభాగాల ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్. అద్దెకుంటున్నది ఒక పాత ఇంటి పై అంతస్తులో. వీధి తలుపు తీయగానే నిట్టనిలువుగా మెట్లు. నా కథంతా ఆ మెట్ల మీదే నడిచింది.

మర్నాడు కాలి వేళ్ళలో తిమ్మిరి, సాయంత్రానికి చేతి వేళ్ళలో. ఆవకాయ సీసా మూత రాలేదు. వాక్-ఇన్ క్లినిక్ డాక్టర్ "బి-ట్వెల్వ్ తక్కువేమో" అని బ్లడ్ టెస్ట్ రాశాడు. ఆ తర్వాతి రోజు రెయిలింగ్ పట్టుకుని ఎక్కాను. ఆ పై రోజు మొదటి మెట్టు దగ్గరే మోకాళ్ళు మడతపడిపోయాయి. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే నర్సు "నొప్పి పదికి ఎంత?" అని అడిగింది. సున్నా అన్నాను, నిజం కాబట్టి. అయితే కూర్చోమంది. చాలాసేపటికి స్నేహకి ఒళ్ళు మండి, లేచి వెళ్ళి, "సండే షి క్లైమ్డ్ ద స్టెయిర్స్. ఎస్టర్‌డే షి హెల్డ్ ద రెయిల్. టుడే షి కాంట్ స్టాండ్" అని చెప్పింది. ఆ మూడు ముక్కలు వినగానే నర్సు వీల్‌చెయిర్ తెచ్చింది. నిన్న చేయగలిగింది ఇవాళ చేయలేకపోతే ఆ మాటే ముందు చెప్పాలని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టర్ చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టాడు. కాలు ఉలకలేదు పలకలేదు. "రిఫ్లెక్సెస్ లేవు" అన్నాడు. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ., నడుములోంచి నీరు తీసే లంబార్ పంక్చర్, కరెంటు షాకులిచ్చి చూసే నర్వ్ కండక్షన్ స్టడీ. న్యూరాలజిస్ట్ ఒక పొడుగాటి ఆవిడ. మంచం అంచున కూర్చుని చెప్పింది.

"దీన్ని గియాన్-బారే సిండ్రోమ్ అంటారు. నీ కడుపులో చేరిన క్రిమితో యుద్ధం చేసిన ఇమ్యూన్ సిస్టమ్ ఇప్పుడు పొరపాటున నీ నరాల మీద పడింది. యూ విల్ గెట్ వర్స్ బిఫోర్ యూ గెట్ బెటర్. కానీ చాలామంది మళ్ళీ నడుస్తారు."

"ఎప్పుడు?" అన్నాను.

"నర్వ్స్ ఆర్ స్లో" అంది, అంతే.

ఐదు రోజులు ఐ.వి.ఐ.జి. అని, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఎక్కించారు. ఊపిరి తగ్గుతుందేమోనని ఐ.సి.యు.లో ఉంచి, గంటగంటకీ ఒక గొట్టంలోకి ఊదించారు. వెంటిలేటర్ దాకా పోకుండా గట్టెక్కాను. ముఖం మాత్రం బిగుసుకుపోయింది, నవ్వడానికి లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన జోకులకి నేను నవ్వకపోవడం కొత్తేమీ కాదు కనుక మా ఆయన కంగారు పడలేదు.

డిసెంబర్‌లో రిహాబ్ హాస్పిటల్‌కి మార్చారు. అప్పటికి చేతులు కాస్త కదులుతున్నాయి. కాళ్ళు మాత్రం ఎవరివో తెచ్చి నాకు అతికించినట్టు ఉండేవి. కిటికీ పక్క మంచం మీద డెబ్భై దాటిన ఒక పోర్చుగీసు ఆవిడ. పేరు అమేలియా. షుగర్ వల్ల మోకాలి కింద ఒక కాలు తీసేశారు, కృత్రిమ కాలు కోసం గాయం మానాలని ఎదురు చూస్తోంది. పెద్దావిడ కదా, అమేలియాగారు అని పిలవడం మొదలుపెట్టాను. గారు అంటే ఏమిటని అడిగి, అర్థం తెలిశాక డాక్టర్ల చేత కూడా అలాగే పిలిపించుకుంది.

మొదటి శనివారం పొద్దున్నే అడిగింది. "నీకు ఫుట్‌బాల్ ఇష్టమేనా?"

"మాది క్రికెట్ అండీ."

"పర్లేదు. నువ్వెలాగూ లేచి పారిపోలేవు" అని టాబ్లెట్ నావైపు తిప్పింది.

అలా పోర్చుగల్ ఫస్ట్ డివిజన్ లీగ్ నా జీవితంలోకి వచ్చింది. పద్దెనిమిది టీములు, ఆగస్టు నుంచి మే దాకా ఒక్కొక్కరితో రెండేసి సార్లు ఆడతాయి. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. అట్టడుగున ఉన్న రెండు టీములు కింది డివిజన్‌కి పోతాయి. వాటి పైనున్న టీము కింది డివిజన్ టీముతో ప్లేఆఫ్ ఆడి ఆ గండం దాటాలి. అమేలియాగారి టీము ఆవిడ పుట్టిన బెస్తల ఊరిది, ఆ ఏడాదే పై డివిజన్‌లోకి వచ్చింది. కప్పు గురించి అడిగితే విసుక్కునేది. "అది ఆ మూడు పెద్ద క్లబ్బుల్లో ఒకరిది. మన గొడవ కాదు. పాయింట్ల పట్టిక కింద నుంచి చదవడం నేర్చుకో."

నేర్చుకున్నాను. క్రిస్‌మస్‌కి మావాళ్ళు కింద నుంచి రెండో వాళ్ళు. పెనాల్టీ బయటికి తంతే నేను తెలుగులో, ఆవిడ పోర్చుగీసులో తిట్టేవాళ్ళం. నవ్వు మొదట కుడి బుగ్గకి తిరిగొచ్చింది, ఆ తర్వాత ఎడమ బుగ్గకి. ఫిజియో జాయిస్ అది చూసి, "ఈ ఎక్సర్‌సైజ్ నేను రాయలేదే" అంది.

ఫిబ్రవరికి, నడుముకి గెయిట్ బెల్ట్ కట్టి జాయిస్ పట్టుకుంటే, పారలల్ బార్స్ మధ్య నిలబడగలుగుతున్నాను. డిశ్చార్జ్ ప్లానర్ వచ్చి మా ఇంటి మెట్ల గురించి అడిగింది. "మెట్లు ఎక్కలేకపోతే అదర్ ఆప్షన్స్ చూడాలి" అని మెల్లగా చెప్పింది. ఆ ఆప్షన్స్ ఏమిటో ఎవరూ నాకు వివరించక్కర్లేదు. నేను రోజూ వాటిలోనే కదా డ్యూటీ చేసింది. యాభై మూడేళ్ళకే నేను నా చేత్తో దుప్పటి మార్చే మంచాల్లాంటి మంచం ఎక్కాలా? మెట్లు లేని వేరే ఇల్లు వెతుక్కుందామంటే ఆ అద్దెలు మాకు అందేవి కావు. ఆ సాయంత్రం బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి మా ప్రేయర్ గ్రూప్ వచ్చింది. ముందు రత్నం ఆంటీ, వెనక ఎనిమిది మంది, చేతుల్లో పులిహోర, కోడికూర. పాట పాడారు, కళ్ళనీళ్ళతో ప్రార్థన చేశారు. నాకు చాలా ఊరట కలిగింది. కానీ ఇంతమంది మంచులో డ్రైవ్ చేసుకుని వస్తే, వాళ్ళకి కాఫీ కూడా ఇవ్వలేకపోతున్నానే అని ఒకటే పీకులాట. వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాదు.

వెళ్ళబోతూ రత్నం ఆంటీ అడిగింది. "నుంచుంటున్నావంట కదమ్మా! ఏదీ, ఓపాలి నుంచో, కళ్ళారా చూసుకుని ఎల్తాం."

పోనీ ఇదైనా ఇద్దామనుకున్నాను. నర్సుని పిలవకుండా, బెల్ట్ లేకుండా, టేబుల్ మీద చెయ్యి ఆనించి లేచాను. లేచిన మాట నిజమే. అందరూ "స్తోత్రం!" అన్నారు. ఆ స్తోత్రం పూర్తయ్యేలోగా ఎడమ మోకాలు వదిలేసింది. టేబుల్, పులిహోర, నేను కలిసి నేలమీదకి వచ్చాం. చీలమండ మెలిపడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు కానీ కాలు గుమ్మడికాయంత అయింది. చేతికి పసుపు బ్యాండ్ వేశారు, ఫాల్స్ రిస్క్ అని, అంటే పడిపోయే ప్రమాదం ఉన్న మనిషని. నేను ఎంతమంది చేతులకి వేశానో ఆ బ్యాండ్! రత్నం ఆంటీ పాపం కారిడార్‌లో కూర్చుని ఏడుస్తుంటే నేనే ఓదార్చాల్సి వచ్చింది.

జాయిస్ మర్నాడు వచ్చి కాలు చూసి ఒక్కటే అడిగింది. "ఎవరికోసం లేచావు?"

నేను పసుపు బ్యాండ్ ఉన్న చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాను.

పడిన రోజు మధ్యాహ్నమే మావాళ్ళ మ్యాచ్ లిస్బన్‌లో పెద్ద క్లబ్బుతో. జనం ముందు సత్తా చూపించాలని మా కోచ్ అందరినీ ముందుకి తోలాడు. ఐదు గోల్స్ తిన్నాం. అమేలియాగారు టాబ్లెట్ మూసి నామీద ఒంటికాలి మీద లేచింది. తెలుగులో దీన్ని ఇలా అంటామని తర్వాత చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది కానీ, ఆ రోజు మాత్రం కోపంగానే ఉంది.

"ఈ కోచ్‌కీ నీకూ తేడా లేదు! పెద్దవాళ్ళ స్టేడియంలో మనం షో చేయడమేమిటి? వెనక నిలబడు, గోల్ పడకుండా చూసుకో, ఒక్క పాయింట్ జేబులో వేసుకుని ఇంటికి రా. ఎంపాట్! చిన్న టీములు అలాగే బతుకుతాయి."

ఎంపాట్ అంటే వాళ్ళ భాషలో డ్రా. ఆ తర్వాత నేను పోర్చుగీసులో నేర్చుకున్నవన్నీ మర్యాదగా చెప్పుకోలేనివి కాబట్టి, ఇదొక్కటే రాస్తున్నాను.

రెండు వారాలు కాలు నేల మీద పెట్టనివ్వలేదు. టీమ్ మీటింగ్‌లో "ప్లాటో" అన్న మాట వినపడింది. అంటే ఇక మెరుగు లేదని. ఏప్రిల్ చివర డిశ్చార్జ్ అన్నారు, మెట్లు వచ్చినా రాకపోయినా. అటు మావాళ్ళు కూడా కింద నుంచి రెండో స్థానంలోనే.

వాపు తగ్గాక జాయిస్ నన్ను జిమ్‌లో ఉన్న చెక్క మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. "బలమున్న కాలు ముందు పైకి. దిగేటప్పుడు బలం లేనిది ముందు." మొదటి వారం ఒక్క మెట్టు. ఎక్కడం, దిగడం. రెండో వారం మూడు ఎక్కి ఆయాసపడి, "మా ఇంట్లో ఇంతకి నాలుగింతలు ఉన్నాయి, ఒక్క బిగిన ఎలా ఎక్కను?" అన్నాను.

"ఒక్క బిగిన ఎక్కాలని ఎవరన్నారు?" అంది జాయిస్. "మధ్యలో కూర్చో. రెస్ట్ తీసుకో. కూర్చోవడం ఫెయిల్ కాదు, పడడం ఫెయిల్."

ఇన్నాళ్ళూ నా మనసులో ఉన్న మెట్లపరీక్ష వేరు. గుమ్మంలో చూస్తున్నవాళ్ళందరి ముందూ చకచకా ఎక్కేయాలి! కూర్చోవచ్చని తెలిశాక సగం బరువు దిగింది. ఆ నెలలోనే మా కోచ్‌కి కూడా బుద్ధొచ్చి డ్రాలు మొదలుపెట్టాడు. ఒక పాయింట్, ఇంకో పాయింట్. మార్చి చివర అమేలియాగారు కొత్త కాలు తొడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది. మ్యాచ్ రోజున మాత్రం ఫోన్ చేసేది, హలో అనకుండా తిట్లతో మొదలుపెట్టి. రత్నం ఆంటీ వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు, "ఆంటీ, ఇవాళ నేను లేవను. కూర్చోండి, కబుర్లు చెప్పుకుందాం" అన్నాను. "నువ్వు లేచినా నేను సూడనమ్మా" అని ఆంటీ కళ్ళు మూసుకుంది.

ఏప్రిల్‌లో వీకెండ్ పాస్ ఇచ్చారు. ఇంట్లో మెట్లు ఎక్కి చూపిస్తేనే నెలాఖరున ఇంటికి పంపుతారు, లేకపోతే ఆ అదర్ ఆప్షన్సే. జాయిస్ కూడా వచ్చి వీధి గుమ్మంలో నిలబడింది. మా ఆయన వెనక బెల్ట్ పట్టుకున్నాడు. "అరచెయ్యి పైకి తిప్పి పట్టుకో, సూట్‌కేస్ పట్టుకున్నట్టు కాదు" అని నేను, "ఎక్కేది నువ్వా నేనా, ముందు చూడు" అని ఆయన. స్నేహ పై మెట్టు మీద కూర్చుని, "గైస్, కెన్ యూ ఫైట్ లేటర్?" అంటోంది. సగం దాకా వచ్చాక తొడలు వణికాయి. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. మా ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడని తెలిసింది. ఆరు నెలల్లో అదే మొదటిసారి. తర్వాత లేచి మిగతావి ఎక్కాను. కింద నుంచి జాయిస్, "పాస్!" అని అరిచింది.

లీగ్ ఆఖరి రోజు మే నెలలో వచ్చింది. ఓడిపోతే మావాళ్ళు కిందికి, డ్రా అయితే బయటపడతారు. అమేలియాగారి హాల్లో కొడుకులు, కోడళ్ళు, చుట్టుపక్కల పోర్చుగీసు వాళ్ళు కిక్కిరిసిపోయారు. ముందే ఒక గోల్ తిన్నాం. చివరికి వస్తుండగా ఒక కార్నర్, ఎవరి తలకి తగిలిందో, బంతి లోపల పడింది. ఒకటి-ఒకటి. ఇక అంతా వెనక నిలబడి కాచుకున్నారు. విజిల్ పడగానే హాలంతా ఎగిరి గంతేసింది. "లే, లే!" అని ఎవరో నా భుజం పట్టుకుని ఊపారు. నేను లేవలేదు. పక్కన అమేలియాగారూ లేవలేదు. ఇద్దరం చేతులు పట్టుకుని సోఫాలోనే కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

ఇప్పుడు రెండు కాళ్ళకీ ప్లాస్టిక్ బ్రేస్‌లు వేసుకుని, ఒక చేతికర్రతో నడుస్తున్నాను. పాత హోమ్‌లోనే వారానికి మూడు రోజులు రిసెప్షన్‌లో కూర్చునే పని ఇచ్చారు. పాదాల్లో తిమ్మిరి పూర్తిగా పోలేదు, పోకపోవచ్చన్నారు. మెట్ల సగంలో ఇప్పటికీ ఆగుతాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా మంచం మీద ఉంటే, నేను చెప్పేది ఒక్కటే. మిమ్మల్ని చూడ్డానికి మనవాళ్ళు తప్పకుండా వస్తారు, లేచి చూపించమని ప్రేమతోనే అడుగుతారు. వాళ్ళని కూర్చోమనండి. మీరు మాత్రం లేవకండి.