ఎడమ దీపం కిందికున్న లారీ

అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ప్రతిసారీ నా గొంతులో ఒక మాట అడ్డుపడుతుంది. దాన్ని పక్కకు నెట్టి మింగుతాను. ఏళ్ల తరబడి ఇలాగే తింటున్నాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. నా పేరు మాత్రం అడక్కండి.

మా ఆయన లారీ డ్రైవరు. అమలాపురం దగ్గర ఒక కొబ్బరి షావుకారుకి ఒకే రకం బెడ్‌ఫర్డ్ లారీలు రెండుండేవి. ఒకటి మా ఆయన నడిపేవారు, రెండోది మా తమ్ముడు. ఒకసారి సినిమావాళ్లు కొత్తపేట అవతల గోదారి గట్టున షూటింగుకని ఒక లారీ తీసుకెళ్లారు. ఆ సాయంత్రమే మిగిలిన లారీ ఐనవిల్లి రోడ్డులో, సైకిలు మీద ఇంటికి పోతున్న కొబ్బరి దింపు మనిషిని గుద్ది, ఆగకుండా పోయింది. అతను అక్కడే చనిపోయాడు. వెనకనుంచి చూసినవాళ్లు షావుకారు లారీయేనన్నారు. రెంటిలో ఏదో చెప్పలేకపోయారు.

షూటింగుకి వెళ్లింది నేనే అన్నారు మా ఆయన. కాదు, నేనే అన్నాడు తమ్ముడు. ఎవరో ఒకరు వెళ్లండని ఊరుకున్న షావుకారుకీ ఎవరు వెళ్లారో తెలియదు. సినిమావాళ్లు మద్రాసు వెళ్లిపోయారు. అక్కడ చేరిన జనం హీరోని చూశారు గాని డ్రైవర్నెవరు చూస్తారు? పాత బళ్లు, రెండింటికీ సొట్టలే. ఏ సొట్ట ఎప్పటిదో ఎవరికి తెలుసు? మా తమ్ముడు పదిమందిలో దీపం ఆర్పి ప్రమాణం చేశాడు. మా ఆయన చేయనన్నారు. నిజం చెప్పడానికి దీపం ఎందుకు ఆర్పాలన్నారు. ఊరు తమ్ముణ్ణి నమ్మింది.

నేనూ నమ్మాను.

ఊరి సాక్ష్యం మీద శిక్ష పడి, ఆయన రాజమండ్రి జైలునుంచి వచ్చాక పీచు మిల్లులో కూలికి పోయేవారు. వేళకి అన్నం పెట్టాను. ముఖం చూపించలేదు. మనిషిని చంపి నా తోడబుట్టినవాడి మీదికి తోస్తాడా అని లోపల ఒకటే కసి. మా అబ్బాయికి తమ్ముడి కూతుర్నే చేసుకుందాం, మేనరికం అన్నప్పుడు ఆయన కాదంటారని కాచుక్కూర్చున్నాను. "పిల్లేం చేసింది?" అని ఊరుకున్నారు.

తొంభైల్లో మా అబ్బాయి టీవీ కొన్నాడు. కరెంటు దండగని నేను గోల. పాత సినిమా వస్తే చాలు, ఆయన పీట వేసుకుని ముందుకి జరిగేవారు. కథ అక్కర్లేదు, పాట అక్కర్లేదు. లారీ కావాలి. తను వెళ్లిన షూటింగు ఏ సినిమాదో ఆయనకి తెలియదు. అందుకే ఏదీ వదిలేవారు కాదు. అదిగో ఫార్గో, ఇది యుద్ధం నాటి మిలటరీ బండి, ఇది మన బెడ్‌ఫర్డే గాని మన బండి తర్వాత వచ్చింది అంటూ ఒకటే వెతుకులాట. ఆయన బండికి ఒకప్పుడు ఎడమ దీపం పోతే, వేరే లారీది తెచ్చి కాస్త కిందికి బిగించారు. తమ్ముడి బండికి రెండూ సమానం. ఆ ఒక్కటీ కనిపిస్తే చాలు.

ఇంతలో కళ్లకి శుక్లాలు కమ్మాయి. ఎక్కడో ఉచిత శిబిరం పెడతారులే అని ఆపరేషను వాయిదా వేశాను. చివరికి ఆయన కళ్లు నేనే అయ్యాను. బానెట్టు, ముందుండే జాలీ, దీపాలు అన్నీ నేర్పారు. ఎదురుగా వచ్చే బండి ఎడమ మనకి కుడి అవుతుందని కూడా. "ఎడ్లబండికీ లారీకీ తేడా తెలిసింది, గొప్పదానివే!" అని నవ్వేవారు. ఒకరోజు నవ్వకుండా అన్నారు. "ఊరు నమ్మకపోతే పోనీ. నువ్వొక్కదానివి చూస్తే చాలే."

ఒక ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు. కడుపుతో ఉన్న కోడలు పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. టీవీలో గోదారి గట్టు. దూరంగా ఒక లారీ.

"ఏమే, ఆ చప్పుడు మన బండిలా ఉందే. దీపాలు చూడు."

అది తిన్నగా నా మీదికే వస్తున్నట్టుంది. దగ్గరైంది. నా కుడివైపు దీపం కిందికి వాలి ఉంది. రెప్ప వాల్చకుండా చూశాను.

"సమానంగానే ఉన్నాయండి."

"సరిగ్గా చూసేవా?"

"ఆయ్, చూసేనండి. ఆ కాలం బళ్లన్నీ ఒకేలా అరుస్తాయి."

బండి వెళ్లిపోయింది. పాట మొదలైంది.

"కట్టెయ్యవే. కరెంటు దండగ."

అది నా మాట. ఆయన నోట వినడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన పీట టీవీ ముందుకి జరగలేదు.

ఎందుకలా చెప్పాను? కోడలు కడుపుతో ఉంది, తండ్రి సంగతి తెలిస్తే ఏమైపోతుందోనని. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. కాని పిల్లేం చేసిందని ఆయనే అనలేదా? ఆయన చెవిలో ఒక్క ముక్క చెబితే ఎవరికి తెలుస్తుంది? అసలు సంగతి వేరు. ఆ దీపం కిందికుందని ఒప్పుకుంటే, తప్పు చేయని మనిషికి అన్నేళ్లు ముఖం చూపించకుండా అన్నం పెట్టినదాన్ని నేనే అవుతాను. అది కాలేకపోయాను.

ఇంకోటి కూడా ఉంది. అమలాపురంలో కళ్ల శిబిరం పెట్టారు. అబ్బాయి తీసుకెళ్తానన్నాడు. వానల్లో వద్దన్నాను. మళ్లీ పెట్టినప్పుడు ఎండల్లో వద్దన్నాను. ఆ సినిమా మళ్లీ వేస్తారేమో, ఆయన కళ్లతో ఆయనే చూస్తారేమోనని భయం. ఎందుకు వద్దంటున్నావని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. తెలిసిపోయిందా? ఇప్పటికీ నాకు తెలియదు. చూపు పూర్తిగా పోయాక రెండేళ్లకి పోయారు.

తమ్ముడూ పోయాడు. కోడలు నన్ను బాగానే చూసుకుంటుంది. ఆ చచ్చిపోయినతని భార్య ఉంది, కొబ్బరి మట్టలు ఏరుకుంటూ మా వీధిన పోతుంది. మా అరుగు దగ్గరికి రాగానే ఉమ్మేస్తుంది. పిలిచి చెప్పాలని లేస్తాను. గడప దాటను. ఇక దాటుతానని కూడా నమ్మకం లేదు.

కనీసం ఈ కాగితం మీదైనా రాయనీండి. ఆ సాయంత్రం మా ఆయన గోదారి గట్టున ఉన్నారు. ఆయన ఎవర్నీ గుద్దలేదు. నేను చూశాను.