జ్వరం లేని బిడ్డకు నూనె రాసిన దినం

ప్రభువు కృపలో ఈ మాటలు చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. నేను మూడో తరగతి దాక సదివినదాన్ని, అక్షరాలు కూడబలుక్కొని రాస్తున్న, తప్పులుంటే పత్రిక వాళ్లు దిద్దుకుంటరు, గని సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. కొందరిని దేవుడు రోగం నుండి విడిపిస్తడు, కొందరిని తాగుడు నుండి విడిపిస్తడు, నన్ను మాత్రం నా నోటి నుండి విడిపించిండు, దేవునికే మహిమ కలుగును గాక.

మాది కంచన్‌బాగ్ దిక్కు చిన్న గల్లీ. నా భర్త దేవదానం నీళ్ల పంపుల కాడ ఒక కాంట్రాక్టరు కింద పని చేసేటోడు. అక్కడ మోటర్ల పక్కన కరెంటు తీగలు బయటికి తేలి ఉండేవి, ఒకాయన చెయ్యి కాలింది, వాటిని కప్పియ్యిండ్రని ఎంత మొత్తుకున్నా వినకపోతే ఒకనాడు పొద్దున అందరు కలిసి పంపులు బంద్ పెట్టి గేటు బయట కూసున్నరు. ముందుగాల చెప్పిన్రా అంటే లేదు, కాగితం ఇచ్చిన్రా అంటే లేదు. బస్తీల నల్లలన్నీ ఎండిపోయినయ్, మా ఇంటి నల్ల కూడ ఎండింది, నేను బిందె పట్టుకొని పక్క గల్లీకి పోతే అక్కడి ఆడోళ్లు, "మీ ఆయన పుణ్యమే కదా, పో, ఆయన్నే అడుగు నీళ్లు," అన్నరు. ప్రజలకు నీళ్లిచ్చే పనిని నోటీసు లేకుంట ఆపుడు చట్టానికి విరుద్ధమని చెప్పి ముందల నిలబడ్డోళ్లను పనిలకెళ్లి తీసేసిన్రు, అండ్ల మా ఆయన ఒకడు.

తరవాత ఆయన ఒక బట్టల దుకాణం కాడ వాచ్‌మన్ పనికి పోయిండు, దాని గురించి ఒక్కనాడు ఒక్క మాట అనలే. అన్నదంతా నేనే. అన్నం కాడ కూసుంటే "సమ్మె చేసినోళ్లకు రెండోసారి చారు ఎందుకు" అన్న, చుట్టాల ముందల అన్న, ఆదివారం గుడిల ప్రభువు బల్లలో చెయ్యి వేసి, రొట్టె తిని వచ్చి ఇంట్ల అడుగు పెట్టంగనే అన్న. ఆయన ప్రభువునందు నిద్రించిన తరవాత కూడ గోడ మీది ఫోటో దిక్కు చూసి అన్న. ఇది నా చీకటి కాలం సహోదరులారా, పది దినాలు కాదు, ఇరువై ఏండ్లు.

నా కొడుకు కూతురు కీర్తన విమానం తోలుతది. ఆ పిల్ల ఎట్ల సదివింది, దేవుడు ఏ ఏ తలుపులు తెరిసిండు అన్నది రాయబోతే పత్రిక సరిపోదు. పెద్ద విమానాలు కాదు, రెక్కలకు పంకలు తిరిగే చిన్నవి ఉంటయి చూడుండ్రి, కడపకు, నాందేడుకు పోతయి, అవి, కెప్టెన్ పక్కన రెండో సీట్ల కూసుంటది. మా గల్లీల అందరు కీర్తన పైలట్ అని పేరు పెట్టి పిలుస్తరు, నాకు లోపట ఎంత సంబురం అయినా మీదికి కనపడనియ్యలే.

గని ఆ పిల్లకు నిద్ర లేకుంట అయింది. ఒక్క దినంలనే ఆరు సార్లు ఎక్కుడు, ఆరు సార్లు దిగుడు. డ్యూటీ కాగితం ఒకటి ఇస్తరు, ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే ఫోన్ల దాన్ని మారుస్తరు, వారానికి ఒక్క సెలవు ఉంటే అదీ గుంజుకుంటరు. ఒకనాడు పెరుగన్నం ముద్ద చేతుల పట్టుకొనే నిద్ర పోయింది. నేను ఆ ముద్ద పారెయ్యకుంట గిన్నెల ఏసి, ఆమె చెయ్యి తుడిచిన, అయినా లేవలే. గిట్ల నిద్ర పోయే పిల్ల చేతుల మనుషులు నిండిన విమానం ఉంటదా అని నాకు భయమైంది.

ఒక గురువారం మధ్యాహ్నం నేను బియ్యం చెరుగుతుంటే ఆ పిల్ల ఫోన్ల "సార్, నాకు జ్వరం, రేపు డ్యూటీకి రాలేను" అన్నది చెవుల పడ్డది. లేచి నుదురు ముట్టి చూడొచ్చు కదా, చూడలే, అదే నా తప్పు. మా స్త్రీల సహవాసంల ఒక పద్ధతుంది, ఎవరింట్ల బాధ ఉన్నా ఫోన్ గ్రూపుల గొంతుతోటి చెప్తే చాలు, దగ్గర ఉన్నోళ్లు గంట లోపల వస్తరు. నేను చెప్పిన, "నా మనవరాలు జ్వరంతోటి లేవలేకపోతున్నది, ప్రార్థన చెయ్యిండ్రి" అని. లేవలేకపోతున్నది అన్నది నేనే కలిపిన, ప్రభువు క్షమించును గాక.

గంట కూడ కాలే, పాస్టరమ్మగారు, రత్నమ్మ అక్క, ఇంకిద్దరు చెల్లెండ్లు ప్రార్థన నూనె సీసా, బ్రెడ్డు, బార్లీ నీళ్లు పట్టుకొని వచ్చిన్రు. కీర్తన ఏది అంటే మంచం మీద లేదు. మిద్దె మీద నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నది. "నానమ్మా, ఎవరొచ్చిన్రు" అనుకుంట మూతి తుడుచుకొని దిగింది, దిగిందో లేదో రత్నమ్మ అక్క రెక్క పట్టుకొని మంచం మీద పండబెట్టి, ఎండకాలంల రెండు దుప్పట్లు కప్పి, నూనె అరచేతి నిండా పోసుకొని నుదుటికి రాసింది. ఒక్క చుక్క చాలక్కా అన్న గని వినలే. అందరం మోకరించినం, ఆమె గట్టిగ ప్రార్థన మొదలుపెట్టింది: "ప్రభువా, ఈ బిడ్డను పట్టుకున్న జ్వరాన్ని నీ నామంలో గద్దిస్తున్నం, ఇప్పుడే, ఈ గడియలోనే, ఇది ఈ గడప దాటి పోవును గాక."

పాస్టరమ్మగారు నుదుటి మీద చెయ్యి పెట్టి, "చల్లగ ఉన్నది, స్తోత్రం, చల్లగ ఉన్నది," అన్నది. అందరు చప్పట్లు కొట్టిన్రు. రత్నమ్మ అక్క కండ్ల నీళ్లు తుడుచుకుంట, "ఇంత జల్ది దిగిన జ్వరం నేను ఎన్నడు చూడలే, ఈ ఆదివారం నేనే లేచి సాక్ష్యం చెప్త," అన్నది.

అప్పుడు కీర్తన దుప్పట్లు తీసి పక్కకేసి లేచి కూసున్నది. "పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత, చెప్పకు. నాకు జ్వరం రాలే. వస్తే కదా పోయేది."

రత్నమ్మ అక్క నూనె చేతులు అట్లనే పట్టుకొని, "మరి ఇంతసేపు నేను ఎవరిని గద్దించిన బిడ్డా?" అన్నది. పాస్టరమ్మగారికి నవ్వు ఆగలే, కొంగు అడ్డం పెట్టుకున్నది.

సంగతి ఏందంటే, మరునాడు ఒక్కరు కూడ విమానం తోలొద్దని పైలట్లందరు మాట్లాడుకున్నరు, నోటీసు ఇస్తే కంపెనీ జాగ్రత్త పడుతదని అందరు జ్వరం అని చెప్పుడు అనుకున్నరు. నాకు పాత కోపం లేచింది. "తాత బుద్ధే వచ్చింది, ఆయన నల్లలు బంద్ పెట్టిండు, నువ్వు విమానాలు బంద్ పెడుతవు, ఇద్దరికి కాగితం రాసే ఓపిక లేదు," అని అందరి ముందల అన్న.

ఆ పిల్ల నెమ్మదిగ చెప్పింది, "నానమ్మా, పని ఆపుడు మాకు హక్కే. గని విమానం ఆగితే జనం ఎక్కడోళ్లు అక్కడ ఆగుతరు, అందుకే పద్నాలుగు దినాల ముందు నోటీసు ఇయ్యాలె, లేబర్ అధికారి రెండు దిక్కులోళ్లను పిలిచి మాట్లాడించేటప్పుడు ఆపొద్దు. అందరు కలిసి ఒక్కటే దినం సెలవు పెట్టినా అదీ సమ్మె కిందికే వస్తది. పట్టుబడితే ఉద్యోగం పోతది, నాకు తెలుసు. తాత కూడ న్యాయమే అడిగిండు, తీగలు కప్పమన్నడు. చెప్పకుంట ఆపిండు, గంతే తప్పు. నీకు ఆయన ఎన్నడన్న చెప్పిండా?"

ఎట్ల చెప్తడు, నేను చెప్పనిస్తే కదా. ఆ మాట నా గుండెల దిగింది సహోదరులారా. దేవుడే ఏడో దినం పని ఆపిండు, పని ఆపుడు పాపమని నాకు ఎవరు చెప్పిన్రు? అయితే ఆరు దినాల పని పూర్తి చేసినంక ఆపిండు, మధ్యల జ్వరమని చెప్పి ఆపలే. అక్కడే మోకరించి, అందరి ముందల, నేను గిట్ల ప్రార్థన చేసిన: "తండ్రీ, ఆయన తీగలు కప్పమన్నడు, నేను ఆయన నోరు కప్పిన. నన్ను క్షమించు. ఈ పిల్ల అడిగేది న్యాయమైతే దానికి అబద్ధం తోడెందుకు, దారి నువ్వు చూపియ్యి, దీని ఉద్యోగం నీ చేతిల పెడుతున్న." ఇరువై ఏండ్ల బరువు ఒక్క ప్రార్థనతోటి దిగింది, భుజాలు తేలికైనయ్, మీకు ఎట్ల చెప్పాలె.

కీర్తన వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, "నాకు జ్వరం లేదు సార్, అబద్ధం చెప్పిన, తప్పైంది. గని నాకు సరిపడ నిద్ర లేదు, ఇంత అలసటతోటి రేపు విమానం తోలుడు ప్రమాదం, అదే రాసుకోండ్రి," అన్నది. అలసిపోయిన పైలట్ గట్ల చెప్పుడు నియమంల ఉన్నదే అట, ఆ పిల్ల చెప్పినంకనే నాకు తెలిసింది. ఆ తరవాత వాళ్ల పైలట్ల సంఘానికి పెద్ద అయిన కెప్టెన్ సలీం సాబ్‌కు చేసి సంగతంతా చెప్పింది. ఆయనది మా పక్క బస్తీ బార్కస్, మాకు ఎరుకైన మనిషే. ఫోన్ అందరికి వినపడేటట్టు పెట్టింది.

"క్యా బేటా, నువ్వు ఒక్కదానివి నిజం చెప్తే మేమందరం అబద్ధం ఆడినట్టు అయితది కదా?"

నేను మధ్యల పడి, "అయినట్టు ఏంది సాబ్, ఆడిన్రు," అన్న.

ఆయన గట్టిగ నవ్విండు. "దాదీ అమ్మా, మా యూనియన్‌కు మీరు వకీలుగ వస్తరా?"

"ముందుగాల నోటీసు ఇయ్యిండ్రి, తరవాత చూద్దాం," అన్న.

ఆ సాయంత్రమే వాళ్లందరు మాట్లాడుకున్నరు, కొందరు కీర్తనను మస్తు తిట్టిన్రు, కంపెనీ మనిషివి అన్నరు, పిల్ల ఏడ్చింది, నేను తల నిమురుకుంట కూసున్న. గని పెద్దోళ్లు ఆలోచించి జ్వరం మాట వాపసు తీసుకున్నరు, పద్నాలుగు దినాల నోటీసు ఇచ్చిన్రు, నిజంగ అలసినోళ్లు ఎవరి అలసట వాళ్లు కాగితం మీద రాసిన్రు. కంపెనీ వాళ్లు కీర్తనకు, అబద్ధం ఎందుకు చెప్పినవ్, నిన్ను ఎందుకు తీసెయ్యొద్దో చెప్పు అని కాగితం పంపిన్రు. ఆ కొన్ని దినాలు నేను ఉపవాసం ఉన్న, పిల్ల మాత్రం ఉన్నది ఉన్నట్టు జవాబు రాసింది.

లేబర్ అధికారి రెండు దిక్కులోళ్లను పిలిచిండు. పైలట్లు కార్మికులే కాదు, వాళ్లకు సమ్మె ఏంది అని కంపెనీ వకీలు వాదించిండట, అది తరవాత తేల్చుకుందాం, ముందు ఈ అలసట కాగితాలు సదువుండ్రి అని అధికారి అన్నడట. నోటీసు గడువు అయిపోకముందే ఒప్పందం అయింది. ఒకసారి ఇచ్చిన డ్యూటీ ఊరికె మార్చొద్దు, వారంల సెలవు ముట్టొద్దు. ఒక్క విమానం ఆగలే, ఒక్క మనిషి పని పోలే. కీర్తనకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చిన్రు, అది ఫైల్ల ఉన్నది, ఉండనియ్యిండ్రి, అబద్ధానికి ఆ మాత్రం ఉండాలె.

ప్రియ సహోదరీలారా, ఇంట్లోళ్ల మీద కోపం లోపట పెట్టుకొని ప్రార్థనకు కూసుంటున్న అమ్మలారా, బతికున్నోళ్ల మీదైనా, పోయినోళ్ల మీదైనా, ఈ పొద్దే ప్రభువు కాడికి తీసుకపోయి దించుండ్రి, ఆయన వద్దనడు. న్యాయం అడగాలనుకునే బిడ్డలారా, భయపడకుండ్రి, నిజం తోటి అడుగుండ్రి, ఆయన మీ పక్కన నిలబడుతడు. నన్ను నమ్మకుండ్రి, ఆయన్ను నమ్ముండ్రి. పోయిన ఆదివారం కీర్తన సెలవు కీర్తనకే దొరికింది, నా పక్కన వచ్చి కూసున్నది, ప్రసంగం మొదలైన కొంచెంసేపటికే నా భుజం మీద తల పెట్టి నిద్ర పోయింది. గుడిల నిద్ర పోయేటోళ్లను గిల్లి లేపే దాన్ని నేను, అందరికి ఎరుకే. పాస్టరుగారు నా దిక్కు చూసిండు. నేను గిల్లలే, ఆరాధన అయిపోయేదాక భుజం కదిలియ్యకుంట కూసొని, లోపల లోపల స్తోత్రం చెప్పుకున్న.