ట్యాంక్‌బండ్ మీద మా లష్కర్

ఇదొక మహాగాథ. ఇందులో తెల్లదొరలు కట్టిన నగరం ఉంది, అవతలి ఒడ్డు మసకగా కనిపించే చెరువు ఉంది, పట్టపగలు మాయమైన మనిషి ఉన్నాడు. గుండె చిక్కబట్టుకున్నవాళ్లు ఇక వదిలేయొచ్చు. జరిగింది ఇంతే: సికింద్రాబాద్‌లో బంధువుల పెళ్లి చూసుకుని, సాయంత్రం రైలు దాకా ఏం చేయాలో తోచక, అమ్మ, మామ, నేను హుస్సేన్‌సాగర్ చూడ్డానికి వెళ్లాం.

మామ అంటే అమ్మకు అన్న. జూలూరుపాడు దగ్గర ఒక చెరువుకు లష్కర్. అంటే తూము తలుపు ఎత్తి పొలాలకు నీళ్లు వదిలే ఉద్యోగి. ఊళ్లో ఆయన అసలు పేరు ఆధార్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నపిల్లల నుంచి ఇంజనీరు సారు దాకా అందరికీ ఆయన లష్కరే. వాకిట్లో "లష్కర్!" అని కేక వినబడితే తింటున్న అన్నం ముందు నుంచి లేచిపోతాడు. తూము ఎక్కడో ఇరుక్కుందని లెక్క.

పొద్దున వాళ్లకు సికింద్రాబాద్ చూపించాను. గడియార స్తంభం, రాతి చర్చి, ఎత్తు కిటికీల పాత బంగళాలు. దొరల కాలం గురించి నాకు తెలిసింది కొంచెం, తెలియనిది చాలా. రెండూ కలిపి ధైర్యంగా చెప్పాను. అమ్మ చర్చి ముందు చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. మామ మాత్రం ప్రతి మలుపులో ఒకటే అడిగాడు.

"చెరువు ఎటు దిక్కు అల్లుడూ?"

ఆయనకు షుగర్. కిందటి నెల మా ఊరి చెరువు కట్ట మీదే కళ్లు తిరిగి పడిపోయాడు. నీళ్ల వైపు కాకుండా పొలం వైపు పడ్డాడు కాబట్టి పెళ్లికి వచ్చాడు. అప్పటి నుంచి అమ్మ ఆయన్ని కళ్ల ముందు నుంచి కదలనివ్వదు. గోలీలు, ఆయన ఫోను, అన్నీ ఆమె సంచిలోనే.

ట్యాంక్‌బండ్ ఎక్కగానే మామ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "గింత నీళ్లున్నయ్. ఆయకట్టు ఏది?"

నేను హోటళ్లనూ ఆఫీసులనూ చూపించాను. "పండేది గివే మామా."

"నీ మొహం" అని, తూము వెతకడానికి కట్ట వెంట నడిచాడు.

చెరువు మధ్యలోని బుద్ధుడు సరిగ్గా అమ్మ భుజం మీద నిలబడేలా ఫొటో తీయడానికి నాకు కాస్త సమయం పట్టింది. తలెత్తి చూస్తే కట్ట మీద మామ లేడు.

"చాయ్ తాగనీకి పోయుంటడు" అన్నాను. అమ్మ అప్పటికే కంకులు కాల్చే ఆమె దగ్గరికి ఉరికింది.

"తెల్ల పంచె పెద్దాయననా?" అందామె. "గా రెయిలింగు మీద వంగి నీళ్లలకు చూస్తుండె. పడతవ్ పెద్దాయనా అని ఒర్లిన. మల్ల చూస్తే లేడు."

అమ్మ రెయిలింగు పట్టుకుంది. ఆమెను పట్టుకోవాలని వెళ్లి నేనూ రెయిలింగే పట్టుకున్నాను.

భయం వేస్తే నా నోరు ఆగదు. "మామకు ఈతొస్తదే" అన్నాను.

"కళ్లు తిరిగినోడు ఈత కొడతడారా? పొద్దుగాల ఒక్క ఇడ్లీ తిన్నడు."

"మన కిన్నెరసాని డ్యాంల లెక్క ఇక్కడ మొసళ్లన్నా లేవు."

అమ్మ నన్ను చూసిన చూపుకు మొసళ్లే నయమనిపించింది.

కట్ట వెంట అటూ ఇటూ పరుగెత్తాను. ఒకచోట నీళ్లలో తెల్లగా ఏదో తేలుతూ కనిపించింది. రెయిలింగు మీద వంగి చూశాను. అల వచ్చి దాన్ని తిప్పింది. థర్మాకోల్ ముక్క. చెత్తను చూసి అంత సంతోషించిన మనిషి ఆ కట్ట మీద ఇంకొకడు ఉండడు.

చివరికి కాపలా ఉన్న పోలీసాయన దొరికాడు. ఆయాసంలో నోటికి వచ్చింది ఒకటే మాట. "సార్, మా లష్కర్ కనబడతలేడు సార్."

"లష్కరా? గక్కడ నిలబడుండ్రి. ఆటోలొస్తయ్."

"ఆటో కాదు సార్, మనిషి!"

"మనుషులే ఎక్కుతరు తమ్మీ ఆటో."

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఆయన కంగారుపడి వాకీటాకీ తీసేలోపు అమ్మ సంచిలో మామ ఫోను మోగింది. ఇంజనీరు సారు. ఊళ్లో చెరువు కట్ట తెగిందని చెప్తాడేమోనని అమ్మ ఫోను నాకిచ్చింది.

"ఏందయ్యా, మీ లష్కర్ లష్కర్ల ఉన్నడట" అన్నాడు సారు. "గడియారం కింద. మీ నంబర్లు యాది లేవట, నాకు చేసిండు. జల్దీ పోండి, చేతులు వణుకుతున్నయట."

అప్పుడు వెలిగింది. లష్కర్ అంటే దండు. దొరల దండు దిగిన చోటు కాబట్టి సికింద్రాబాద్‌ను పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటారు. పొద్దున నేను చెప్పిన చరిత్రలో ఈ ముక్క లేదు.

మేమెక్కిన ఆటో సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ అమ్మ గోలీల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

మామ గడియార స్తంభం కింద అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఫోను ఇచ్చిన కొట్టాయనే, షుగర్ పడిపోయినట్టుందని చక్కెర బాగా వేసి చాయ్ ఇచ్చాడట, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. వణుకు తగ్గుతోంది.

"ఎవడు పిలిస్తే వాని ఆటో ఎక్కుతవా మామా?"

"లష్కర్, లష్కర్ అని ఒకటే ఒర్లుతుండె అల్లుడూ. అవ్, నేనే అని చెప్పిన. ఎక్కు జల్దీ అన్నడు. తూము ఇరికిందేమో, గింత పెద్ద చెరువు, తెగితే ఊరుంటదా అని ఎక్కిన." ఇంకో గుక్క తాగాడు. "దిగినంక కిరాయి అడిగిండు. గప్పుడు డౌటొచ్చింది."

"నన్ను చంపినవ్ కదన్నా" అని అమ్మ ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేసి, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. చాయ్ ఒలకకుండా మామ గ్లాసు పక్కకు జరిపాడు.

మా రైలు భద్రాచలం రోడ్ దాకా. ఆ స్టేషన్ భద్రాచలంలో ఉండదు, కొత్తగూడెంలో ఉంటుంది. జూలూరుపాడు పోవాలంటే అక్కడ దిగి బస్సు ఎక్కాలి. అక్కడ ఎవడు ఏ పేరు అరిచినా ఎక్కొద్దని మామకు ముందే చెప్పి పెట్టాను.