బొటనవేలు పైకి లేచేదాకా

ఆ రోజు కరెంటు లేక మోటారు ఆడలేదు. కింద కుళాయి దగ్గర నీళ్ళు పట్టి మూడో అంతస్తులోని మా ఇంటికి మోస్తున్నాను. మెట్ల మలుపులో బకెట్టు చెయ్యి మార్చుకుంటుంటే నడుములో కలుక్కుమంది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఎడమ పిర్ర నుంచి పాదం దాకా సన్నగా మంట దిగింది.

మేముండేది బర్మాలోని యాంగన్‌లో, అంటే పాత రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళు. మా వీధి తెలుగువాళ్ళలో ఎవరికి నడుము పట్టినా ముందు పిలిచేది మా పెద్ద ఆడపడుచు అప్పలనరసమ్మ వదిననే. ఆమె ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టు విడుస్తుందని మా పెద్దల నమ్మకం. బర్మావాళ్ళు కూడా మసాజ్‌లో కాళ్ళతో తొక్కుతారు కాబట్టి ఇక్కడ అదెవరికీ వింత కాదు.

వదిన సాయంత్రం వచ్చింది. మంట కాల్లోకి దిగుతోందని చెప్పాను.

"నరం పట్టేసినాది, అంతే. బోర్లా పడుకో. ఈ ఈదిలో సగం నడుములు నా కాళ్ళ కింద నలిగినవే. నీదేటి, బంగారపుదా?" అంది.

కిటికీ ఊచలు పట్టుకుని మెల్లగా తొక్కింది. కాసేపటికి నొప్పి తగ్గింది. ఇద్దరం టీ తాగి నవ్వుకున్నాం.

మర్నాడు పప్పులు కొనడానికి పబేడాన్ బజారుకు వెళ్ళాను. వెనక నుంచి కిళ్ళీలమ్మే ఆవిడ బర్మా భాషలో పిలిచింది. "ఆంటీ, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది."

నిజమే. ఎడమ చెప్పు అంత దూరంలో పడి ఉంది. జారినట్టు నాకు తెలియనే లేదు. కాలి బొటనవేలు పైకెత్తబోయాను. లేవలేదు. ఎవరి కాలో తెచ్చి నాకు తగిలించినట్టుంది.

ఆసుపత్రిలో డాక్టరు దాన్ని ఫుట్ డ్రాప్ అన్నారు, పాదం పైకి లేవక వాలిపోవడమట. మూత్రం సరిగా వస్తోందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఎందుకడుగుతున్నారో తెలియక భయపడ్డాను. నరాలు మరీ నలిగితే మూత్రం కూడా ఆగిపోతుందని తెలిశాక ఇంకా భయపడ్డాను. ఎమ్మారై గొట్టంలో పడుకున్నంతసేపూ కరెంటు పోతుందేమోనన్నదే ధ్యాస. నడుములో ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ అనే ఎముకల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందట.

"పాదంలో పవర్ కొంచెం మిగిలుంది. ఫిజియోథెరపీ చేసి చూద్దాం. పవర్ ఇంకా తగ్గినా, మూత్రం ఆగినా ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రండి. అప్పుడిక ఆపరేషనే" అన్నారు డాక్టరు.

తొక్కించుకున్న సంగతి ఆయనకు చెప్పలేదు. వదిన మీద మాట వస్తుందని భయం.

బాత్‌రూముకు వెళ్ళిన ప్రతిసారీ, మూత్రం వచ్చేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. మా ఆయన ఏటి అవతల తన్లిన్‌లో పనికి పోతే సాయంత్రం దాకా రారు. అంత ఎత్తున మంచాన పడితే నన్ను కిందికి దించేదెవరు? వదిన చేపల పులుసు పంపేది గాని మెట్లెక్కి వచ్చేది కాదు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పేరు మా ఖిన్. పిర్ర, పిక్క కండలు ఒత్తేది, వెన్ను జోలికి పోయేది కాదు. ఒకరోజు ఒత్తుతూనే, "ఇంతకు ముందు వీపు ఎవరితోనైనా తొక్కించుకున్నారా, ఆంటీ?" అని అడిగింది. చెప్పేశాను. తిట్టలేదు.

"అప్పటికే జారి ఉండొచ్చు. తొక్కాక ఇంకా జారి ఉండొచ్చు. ఇప్పుడు తేల్చలేం. కాల్లోకి మంట దిగే మనిషిని మాత్రం తొక్కకూడదు" అంది.

బొటనవేలితో గాలిలో ఏబీసీడీలు రాయమంది. అవి నాకు రావు. రామమందిరంలో చిన్నపిల్లల పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే ఈమధ్య. అవే రాస్తానన్నాను. కింది చుట్టు ఎలాగో వచ్చేది. తలకట్టు పెట్టాలంటే వేలు పైకి లేవాలి. అది రాలేదు. తలకట్టు లేని అక్షరాలే రాసుకుంటూ పోయాను.

పాదం వాలకుండా కాలికి స్ప్లింట్ ఇచ్చారు. కొంచెం కుదుటపడ్డానని ఒకరోజు అది లేకుండా మెట్లు దిగాను. పాదం మెట్టు అంచుకు తట్టుకుని పడ్డాను. మంట మళ్ళీ మొదటి రోజులాగే దిగింది. డాక్టరు మళ్ళీ ఆపరేషన్ మాటెత్తారు. ఈ కాలు ఇక నాది కాదనుకున్నాను.

ఆ కబురు విని వదిన వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నాను తొక్కబట్టే గదే?"

"తెలీదు వదినా. వాళ్ళకీ తెలీదంట."

కాదంటానని ఆశపడినట్టుంది. కాదనలేకపోయాను. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, నా మడమ చేతిలోకి తీసుకుంది. "ఏటి సెయ్యమన్నారో సెప్పు" అంది.

ఆ రోజు నుంచి రోజూ వచ్చి మడమ పట్టుకునేది, నేను రాసేదాన్ని. వానలు వెనకబట్టాక ఒక ఉదయం 'క' రాస్తున్నాను. నాకంటే ముందు వదినే చూసింది. "ఏలు లెగిసినాదే" అంది. తనకు ఒక్క అక్షరం రాదు. "మళ్ళీ రాయి" అంది.

ఆపరేషన్ లేకుండానే గడిచింది. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను, సగం బకెట్టు నీళ్ళే మోస్తున్నాను. ఎడమ చెప్పుకు వెనక పట్టీ కుట్టించుకున్నాను. అయినా పొద్దున మంచం దిగే ముందు వేలు లేపి చూసుకోనిదే కాలు కింద పెట్టను. ఆ భయం పోలేదు.

మీరు కూడా నడుము నొప్పితో ఎవరి ముందైనా బోర్లా పడుకునే ముందు రెండు కాళ్ళ బొటనవేళ్ళూ పైకెత్తి చూసుకోండి. ఒకటి లేవకపోయినా, మంట కాల్లోకి దిగుతున్నా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒంటికి ఏం చేయించుకున్నారో దాచకుండా చెప్పండి. వదినను ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నారు. మొన్న ఒకాయన చాప పరుచుకుని పడుకోబోతుంటే ఆపింది.

"ముందు ఏళ్ళు పైకెత్తు నాయనా. లెగకపోతే నా కాలు నీ మీద పడదు."