మామ నన్ను చూడలేదు

మొన్న దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కబోతే, మామ నన్ను లేపి అలాయి బలాయి అంటూ కౌగిలించుకున్నాడు. ఒంటిచేత్తోనే. ఎడమ చెయ్యి భుజం దగ్గరినుంచి లేవదు. ఆ లోటు తెలియకూడదని కాబోలు, కుడిచేత్తో నా వీపు దభీమని చరుస్తాడు. నేనూ రిటైరయ్యాను, ఈ చరుపులు తట్టుకునే వయసు దాటిపోయిందని చెప్పినా వినడు. ఆయన చెయ్యి అలా ఎందుకైందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలాకాలం అందరమూ తప్పుగా తెలుసుకున్నాం.

మామ మా అమ్మకు తమ్ముడు. మిలిటరీలో చేసి వచ్చి, నర్సంపేటలో ఒక బ్యాంకు దగ్గర తుపాకి పట్టుకొని కాపలా ఉండేవాడు. రెండు గొట్టాల తుపాకి, లైసెన్సు ఆయన పేరు మీదే. దసరా వస్తే అత్తమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, హారతి ఇచ్చేది. మర్నాడు మామ సణుక్కుంటూ నూనె గుడ్డతో ఆ భక్తినంతా తుడిచేవాడు. "గా తుపాకి పూజకేనా, పేలుతదా?" అని వాడకట్టు వాళ్లు ఆట పట్టిస్తే, "పేలనన్ని రోజులే నాకు జీతమిత్తాండ్లు" అనేవాడు. ఆ తుపాకి గురించి నాకు ఆయన నేర్పిన పాఠం ఒక్కటే. దాని తూటాలో బోలెడు సీసపు గుళ్లుంటాయి, గొట్టం దాటాక అవి విచ్చుకుంటూ పోతాయి, ఎవరి మీదికి గురిపెట్టామో అతనితో ఆగవు. అప్పుడు నేను అక్కడే బడిలో మాస్టరుని. పాఠాలు చెప్పేవాడికి పాఠం చెబితే ఎంత ఎక్కుతుందో అంతే ఎక్కింది.

ఒకరోజు మధ్యాహ్నం పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుందామని వెళ్లి లైన్లో నిలబడ్డాను. పత్తి అమ్ముకున్న రైతులు, పింఛను కోసం వచ్చిన ముసలమ్మలు, బ్యాంకు నిండా జనం. మామ లోపల క్యాషు గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. హెల్మెట్లు తియ్యకుండానే ఇద్దరు లోపలికి వచ్చారు. ఒకడు వాకిలి దగ్గర ఆగాడు. ఇంకొకడు సంచిలోంచి వేటకొడవలి తీసి, మా లైను పక్కనుంచి దూసుకుపోయి మామ మీదికి ఎత్తాడు. మామ తుపాకి ఆ మనిషి ఛాతీకి సూటిగా లేచింది. ఆ మనిషి వెనక మేమున్నాం. చేతిలోని పాస్‌బుక్కును డాలులా గుండెకు అడ్డం పెట్టుకున్నాను. మామ కాల్చలేదు. గొట్టాన్ని పైకప్పు వైపు తిప్పి, తుపాకిని కర్రలా అడ్డం పెట్టాడు. కొడవలి దాని మీదనుంచి జారి ఎడమ భుజంలో దిగింది. ఆ నెత్తుటితోనే మామ తుపాకి మడమతో వాడి కడుపులో ఒక్కటి పొడిచాడు. వాడు కూలాడు. వాకిట్లోవాడు ఉరికాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న జనమంతా ఒక్కసారి వీరులైపోయి పడ్డవాడి మీద పడ్డారు. నేనూ వెళ్లాను, కొంచెం ఆలస్యంగా.

వరంగల్ దవాఖానలో మామ మంచం పట్టి ఉండగా, పైనుంచి వచ్చిన ఒక ఆఫీసరు "మరి తుపాకి ఇచ్చింది దేనికి?" అన్నాడు. చాయ్ హోటళ్ల దగ్గర "మిలిటరాయన భయపడ్డడు" అన్నారు. చెయ్యి లేవకపోవడంతో ఉద్యోగం పోయింది. అత్తమ్మ ఊరుకుంటుందా! వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పింది, "అల్లుడు అడ్డమున్నడు గదా, లేకుంటె కాల్చి పారేత్తుండె." ఆ మాటే మా ఇంటి మాట అయింది. నేనూ నమ్మాను. నమ్మి, ప్రతి ఆదివారం మటన్ పట్టుకొని మామ ఇంటికి వెళ్లేవాణ్ని. ఆయన దవాఖానలో ఉన్నప్పుడే, తమ్ముడు బతికితే మేడారం జాతరలో నిలువెత్తు బంగారం ఇస్తానని అమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. మాకు అక్కడ బంగారమంటే బెల్లమే, మనిషి బరువుకు సరిపడా తూచి ఇస్తాం.

జాతరకు బయలుదేరేముందు వరంగల్‌లో బెల్లం దుకాణం ముందు కాంటా వేలాడుతోంది. మామ ఎక్కనంటాడు. "కూసో తమ్మీ, నా కొడుకును సూసి చెయ్యి ఆపుకున్నవ్, నీ రుణం ఎట్ల తీరుత్తది" అని అమ్మ కళ్లు ఒత్తుకుంది. "అక్కా, తల్లి మొక్కు కాడ అబద్ధం ఎందుకు? అల్లున్ని నేను సూడనే లేదు" అన్నాడు మామ.

అమ్మ నోరు తెరిచింది. "మేనమామవై ఉండి సూడలేదా?"

"లేదక్కా. ఆని ఎనుక మనుషులున్నరు. గంతే సూసిన. ఆకుపచ్చ చీర ఒకటి యాదికున్నది. ఒక్కల మొకం గూడ సూడలేదు."

"మరి ఎవలు లేకుంటె?" అన్నాను.

"ఎనుక ఉత్త గోడ ఉంటె కాల్చేటోన్నే. నేనేమన్న సన్యాసినా? మీద పడ్డోన్ని ఆపుకునుడు నా హక్కు. గని ఆ లైన్లోళ్లు నా మీద పడలేదు గదా అల్లుడా" అని, ఇక చెప్పేదేమీ లేదన్నట్టు వెళ్లి కాంటాలో కూర్చున్నాడు. అమ్మ దారిపొడుగునా తమ్ముడితో మాట్లాడలేదు.

నాకూ చివుక్కుమంది, దాచడమెందుకు. ఇన్నాళ్లూ మామకు అంత ముద్దైన అల్లుణ్నని లోలోపల మురిసిపోయాను మరి. మేడారంలో అమ్మవార్ల గద్దెల దగ్గర జనం తోసుకుంటుంటే, ఎవరి మోచేయో నా డొక్కలో, నా మోచేయి ఇంకెవరి డొక్కలోనో ఉన్నప్పుడు, ఆ చివుక్కు నెమ్మదిగా పోయింది. మేనల్లుడి కోసం చెయ్యి పోగొట్టుకునే మామలు ఉంటారు. ముఖం కూడా చూడని మనిషి కోసం, తన ప్రాణం మీదికి వచ్చిన క్షణాన ఆగిన చెయ్యి మామది. ఆ ఆకుపచ్చ చీర ఆమె ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. తనకోసం ఒకడు భుజం ఇచ్చాడని ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఎక్కడో మనవల మీద కేకలేస్తూ హాయిగా ఉండి ఉంటుంది. ఆ మధ్యాహ్నం తర్వాత నాకు గడిచిన కాలమంతా మామ తన అల్లుడికి ఇచ్చింది కాదు, ఎవరో ఒకరికి ఇచ్చింది. ఆ ఎవరో ఒకరు నేనయినందుకు, తెల్లవారిన ప్రతి రోజుకూ దండం పెట్టుకుంటాను.