పిన్నుకు వేసిన తాళం

నాకు అనుమానం ఎక్కువ. నా వెనక ఈ మాట అనేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. పాలుపోసే మనిషి కళ్ళెదుటే పాలచుక్క గోరు మీద వేసుకుని చూస్తాను. గ్యాసు బండ వస్తే తూకం వేయించనిదే గడప దాటనివ్వను. "పోలీసుల్లో చేరాల్సిన మనిషివి, పొరపాటున నాకు దొరికావు" అంటాడు మా ఆయన. ఆయనకు బూర్గంపాడులో ఎరువుల కొట్టు. పొద్దున వెళ్తే అన్నం వేళకే ఇంటికి రావడం. అందుకని ట్రాక్టరు, ట్రాలీ, వాటిని నడిపే మనిషి, మూడూ నా పెత్తనంలోకి వచ్చాయి.

మాది ముదిగొండ వైపు. అడవి అంచున జామాయిల్ తోట తీసుకుని ఇటు వచ్చాం. చెట్లు కొట్టించి, బెరడు తీయించి, ఆ కర్రను కాగితం మిల్లుకు తోలాలి. తోటకూ తారు రోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది. తోట చూడటానికి వెళ్ళిన రోజు ఆ వాగును చెప్పులు తడవకుండా దాటాను. అది ఎండాకాలం. ఆ తర్వాత ఆ దారి మొగం చూడలేదు. వాగంటే నాకు అదే, కాస్త ఇసుక, నాలుగు రాళ్ళు.

మా డ్రైవరు ఊరు ఆ వాగుకు అవతలే. కోయ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. మా దగ్గర చేరి నాలుగేళ్ళయింది. పని తప్ప మాట తెలియదు. పది ప్రశ్నలు వేస్తే ఒక జవాబు చెబుతాడు, అదీ చెప్పు వైపు చూస్తూ. కూలి డబ్బులకు మా వాకిట్లోకి వచ్చే తోట కూలీలతో మాత్రం వాళ్ళ భాషలో గలగలా మాట్లాడేవాడు. నాకు ఆ భాష రాదు. రాని భాషలో ఎవరైనా నవ్వుకుంటే అది నా గురించేననిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

కర్ర కోత ఆ ఏడే మొదలైంది. వానలు మొదలయ్యాక ట్రాక్టరులో గంటలు చూపించే మీటరు తేడాగా తిరగడం కనిపెట్టాను. అదే తోట, అదే మిల్లు, అదే కర్ర. వేసవిలో ఒక ట్రిప్పుకు పట్టిన దానికంటే ఇప్పుడు గంట ఎక్కువ. ఒక రోజు వాకిట్లోనే నిలబెట్టి అడిగాను.

"ఏంది, మీటరు గింత తిరిగింది?"

"వాగు కాడ లేటయితుందక్కా."

"వాగు ఇవాళ కొత్తగా పుట్టిందా?"

అతను చెప్పు వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

అప్పటి నుంచి కనబడిన ప్రతిదీ నాకు సాక్ష్యమే. టూల్‌బాక్సులో ఉండాల్సిన ఇనుప గొలుసు రోజూ తడిసి, బురద పట్టి వచ్చేది. దాని లంకెలు కొన్ని వెండిలా మెరుస్తున్నాయి. ట్రాక్టరు వెనక ట్రాలీ రింగును పట్టుకునే హుక్కు కూడా అంతే, అరిగి నున్నగా తయారైంది. కర్ర తోలే ట్రాలీని రోజుకు అన్నిసార్లు విప్పాల్సిన అవసరమేముంది? ట్రాలీని దారిలో వదిలి, ఒట్టి ట్రాక్టరుతో తన ఊళ్ళో కిరాయికి దున్నుతున్నాడు, మొద్దులు పీకుతున్నాడు. ఇంకేముంటుంది? కళ్ళతో చూసినంత నమ్మకంగా నమ్మాను.

"అడిగి చూడరాదూ?" అన్నాడు మా ఆయన.

"అడిగితే చెప్తాడా ఎవడైనా?" అన్నాను. నిజానికి అడిగాను, అతను చెప్పాడు కూడా. అది జవాబుగా నేను తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే మిల్లు గేటు దగ్గర పొడుగు లారీలను చూడటం మొదలుపెట్టాను. వాటికి ఇంజను భాగం వేరు, వెనక బండి వేరు. రెంటినీ కలుపుతూ ముందు భాగం మీద సోఫా అంత వెడల్పు ప్లేటు, గ్రీజుతో నల్లగా. ఒక లారీ డ్రైవరును అడిగితే, వెనక బండి మేకు ఆ ప్లేటులో దిగి లాక్ పడుతుందని, తీయాలంటే పద్ధతి ప్రకారం తీయాల్సిందేనని చెప్పాడు. అంత పెద్దవాటికే లాక్ ఉంటే మా ట్రాలీకి ఎందుకు ఉండకూడదు? ఇంటికి వచ్చేసరికి నా మనసులో సగం నిర్ణయం అయిపోయింది.

మిగతా సగం కోసం ఖమ్మం వెళ్ళాం. బూర్గంపాడులో వెల్డింగ్ షాపులు లేక కాదు, వాటి మీద నాకు నమ్మకం లేక. ఖమ్మంలో మాకు పాత మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. మూడు తరాలుగా ఇనుము పని చేస్తున్న ముస్లిం కుటుంబం. ముదిగొండలో ఉన్నప్పుడు మా నాగళ్ళన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. మా ఆయన ట్రాక్టరు తోలాడు, నేను బస్సులో వెళ్ళాను. డ్రైవరును కావాలనే రావద్దన్నాం.

మిస్త్రీ హుక్కు మీద బొటనవేలు పెట్టి రాసి చూశాడు. "బాగా అరిగిందమ్మా. రోజుకు చానాసార్లు విప్పి తగిలిస్తుండు మీ మనిషి."

నేను మా ఆయన వైపు చూశాను. చూశావా, అన్నట్టు.

"దీన్ని తీసేసి పిన్ను పెట్టండి" అన్నాను.

ఆయన తొందరపడలేదు. చాయ్ తెప్పించి, స్టూలు తుడిచి నన్ను కూచోబెట్టి చెప్పాడు. హుక్కయితే సీటు మీది నుంచే దించొచ్చు, ఒక్కడే విప్పుకోవచ్చు, జల్దీ పని. కానీ గుంతల్లో ఎగిరితే రింగు బయటికి రావచ్చు. పిన్నయితే రెండు ఇనప చెవుల మధ్య రింగు పెట్టి, పైనుంచి కడ్డీ దింపి, కింద చీల పెట్టడం. అది ఎగరదు, ఊడదు. కానీ లోడు మీద ఉన్నప్పుడు బిగుసుకుంటుంది, కిందికి దిగి తంటాలు పడాలి.

"తారు రోడ్డుకు పిన్ను మంచిది. తోటల్ల, వాగుల్ల హుక్కు మంచిది. మీది ఏ దారమ్మా?"

"రోడ్డే" అన్నాను.

ఆయన హుక్కును మళ్ళీ ఒకసారి చూశాడు. "రోడ్డు మీద తిరిగే హుక్కు గిట్ల అరగదు. తోలెటాయన్ను ఒకసారి అడిగినవా?"

బేరం కోసం సాగదీస్తున్నాడనుకున్నాను. లేదా మా డ్రైవరు ముందే ఫోను చేసి చెప్పాడేమో. ఇద్దరికీ పరిచయమే లేదని తర్వాత తెలిసింది. "ట్రాలీ మాది మిస్త్రీ, అతన్నెందుకు అడగడం?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు దించుకుని పనిలో పడ్డాడు. పని ముగిశాక నేను ఇంకొకటి అడిగాను, పిన్ను కింద చీల బదులు తాళం పట్టేంత బెజ్జం వేయమని. ఆయన చేయి ఆగింది.

"దొంగల భయమా?"

"అవ్" అన్నాను.

మర్నాడు పొద్దున పిన్ను దింపి, మా బియ్యం డ్రమ్ముకు వేసే తాళం తెచ్చి దాని కింద వేశాను. డ్రైవరు పక్కనే నిలబడి చూశాడు. తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను.

"ఎందుకక్కా?"

"ఎందుకో నీకు తెలుసు."

అతను సీటెక్కి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారం మీటరు సరిగ్గా వచ్చింది. ఒక్క గంట కూడా ఎక్కువ లేదు. మా ఆయనకు చూపించి రెండు రోజులు గర్వపడ్డాను. ఆ వారం వానలు లేవన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

తర్వాతి వారం రెండు రోజులు ముసురు పట్టింది. మూడోరోజు తెరిపిచ్చింది. కోసిన కర్ర తడిసిపోతోందని నేనే పంపాను. పదకొండు గంటలకు తోట కూలీ ఒకాయన ఫోను చేశాడు. ట్రాక్టరు వాగు కాడ తిరగబడ్డది, మనిషి కింద పడ్డడు, ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకపోతున్నరు. అంతే చెప్పి పెట్టేశాడు.

నేను వెళ్ళేసరికి అతన్ని మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. ఎడమ కాలు మోకాలు కింద రెండుచోట్ల విరిగింది. మొహమంతా బురద, కళ్ళు మూసి ఉన్నాయి. అతని భార్య మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చుని ఉంది. నేను మీదికి వంగాను. ఎలా ఉందో చూడటానికి వంగానని ఆమె అనుకుని ఉంటుంది. నేను వంగింది తాగాడేమోనని వాసన చూడటానికి. ఇన్నేళ్ళ నా అనుమానాల్లో తలుచుకుంటే చచ్చేంత సిగ్గు వేసేది ఇదొక్కటే. బురద వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

సాయంత్రం వాగు దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పులు తడవకుండా దాటిన చోట మోకాలి లోతు నీళ్ళు. రోడ్డు వైపు గట్టు ఎర్రమట్టి ఎక్కుడు, జారుడుబల్లలా ఉంది. గట్టు పైన గట్టినేల మీద ఒక చోట ట్రాక్టరు టైర్లు మళ్ళీ మళ్ళీ నిలబడి తొక్కిన గుంతలు కనిపించాయి. ఫోను చేసిన కూలీ నా వెంట వచ్చాడు.

"రోజు ఏం చేసెటోడంటే, ట్రాలీని గీ ఇసుకల ఇప్పుతుండె. ఒట్టి ట్రాక్టరు పైకెక్కిస్తుండె. గట్టినేల మీద ఆపి, గొలుసు ఏసి ట్రాలీని పైకి గుంజుతుండె. మాలో ఎవరమో ఒకరం చక్రాల ఎనక రాయి ఏస్తుంటిమి. గంట పట్టేది."

గంట.

"ఇయ్యాల ఎందుకు విప్పలేదు?" అని అడగబోయి నోరు మూసుకున్నాను. అతను తాళం వైపు చూశాడు. బోల్తాపడిన ట్రాక్టరుకూ, అడ్డం తిరిగిన ట్రాలీకీ మధ్య మా బియ్యం డ్రమ్ము తాళం చెక్కుచెదరకుండా వేలాడుతోంది. లోడుతో సహా ఒక్క ఊపున ఎక్కించబోయాడట. సగంలో చక్రాలు జారి, వెనక బరువు వెనక్కి గుంజి, ట్రాలీ అడ్డం తిరిగి ట్రాక్టరును పక్కకు పడేసిందట. నా కొంగుకు ఉన్న తాళంచెవితోనే ఆ తాళం తీశాను. కొంగు ముడి విప్పి తీసిన చెవిని రెండుసార్లు బురదలో పడేసుకున్నాను.

దవాఖానా ఖర్చంతా మాదే అని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. కాలిలో రాడ్డు వేశారు. అతను నడుస్తున్నాడు, కానీ క్లచ్చు తొక్కాల్సింది ఆ కాలితోనే. ట్రాక్టరు నడపడం ఇక కుదరదన్నారు. ఇప్పుడు తోటలో లోడింగు దగ్గర నిలబడి కర్ర పేర్పించే పని చూస్తున్నాడు. మిస్త్రీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి హుక్కు పెట్టించాను. ఏమైందని ఆయన అడగలేదు. బెజ్జం ఉన్న ఆ పిన్నును పాత ఇనుములోకి విసిరాడు.

బోల్తాపడ్డ ట్రాక్టరు నుంచి తీసిన టూల్‌బాక్సు కడిగేటప్పుడు ఒక సంగతి చూశాను. అందులో పెద్ద సుత్తి ఉంది. ఆ తాళాన్ని రెండు దెబ్బల్లో ఊడగొట్టే సుత్తి. అది నన్ను చాలా నెలలు తినేసింది. అడగడానికి ధైర్యం చాలలేదు. మొన్న వానాకాలంలో తోటకు వెళ్ళినప్పుడు, కర్ర దొంతి మీద ఇద్దరం కూర్చుని ఉండగా అడిగేశాను.

"ఆ రోజు సుత్తి ఉంది కదా. తాళం పగలగొట్టొచ్చు కదా?"

అతను ఈసారి చెప్పు వైపు చూడలేదు.

"పగలగొట్టొచ్చక్కా. చేతికి తీసుకున్న గూడ. పగలగొడితె నువ్వనుకున్నదే నిజమైతది గదా, మల్ల పెట్టిన."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అతను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. తప్పయిపోయిందన్నాను. అతను దొంతిలో జారిన కర్రను కాలితో లోపలికి తోశాడు, మంచి కాలితో.

"కొత్తాయన వాగు కాడ విప్పుతుండా?" అని అడిగాడు.

"విప్పుతున్నాడు."

"తాళం గిట్ల ఏమన్న?"

"లేదు."

"మంచిగ చేసినవక్కా" అన్నాడు.

ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడా, దెప్పుతూ అన్నాడా అని ఇంటికొచ్చే దారంతా అనుమానిస్తూనే వచ్చాను.