దేవదుర్గ బస్సులో బెల్లం

పిల్లల రక్తంలో పుట్టే క్యాన్సర్ మీద నేను రాసిన మొదటి పరిశోధన వ్యాసం అప్పుడే అచ్చయి వచ్చింది. డాక్టర్నయ్యుండీ చిన్నపిల్లలా దాన్ని బస్సులో పదేపదే తెరిచి చూసుకుంటున్నాను. రాయచూరు బజారులో బెల్లం కొనుక్కుని ఎక్కిన పక్కసీటావిడ అందులోని బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఏందమ్మా ఇవి, జొన్నగింజల్లెక్కున్నయ్?"

"రక్తకణాలు. జబ్బు చేసిన పిల్లలవి" అని, ఆ జబ్బేమిటో చెప్పాను.

"మా పెద్దోనికి గదే వచ్చె. ఒళ్లంత నీలిమచ్చలు. దవాఖానల మందే లేదన్నరు. పోయిండు."

నా మురిపెం చప్పున చల్లారింది. వ్యాసం మూసేయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మరి ఇందులున్న పిల్లలు? వీళ్లు గూడ పోయిన్రా?"

"లేదమ్మా. కొత్త మందులతో కొందరు బతికారు. బడికి కూడా పోతున్నారు."

ఆమె మూట విప్పి, బెల్లం అచ్చును సీటు కడ్డీకేసి పగలగొట్టి, ఊగుతున్న బస్సులో లేచి నిలబడింది. ఇంట్లో బిడ్డ పుట్టినట్టు సీటు సీటుకీ పంచుతూ పోయింది.

"తినుండ్రి! పిల్లలు బతికిన్రంట!"

ఆ వ్యాసానికి తర్వాత నాకు శాలువాలు కప్పారు. అవెక్కడున్నాయో కూడా తెలీదు. బెల్లం నములుతూ కండక్టర్ కన్నడంలో అడిగిన మాట మాత్రం ఇంకా వినిపిస్తుంది.

"యార మక్కళు?" ఎవరి పిల్లలని.

"నమ్మవే రీ!" అందామె తలెత్తి.

మన పిల్లలేనట.